అడవి బడిలో రెండు రోజులు

(మన పాఠశాల ప్లాటినం జూబిలీ ఉత్సవాల సందర్భంగా జరిగిన తల్లిదండ్రుల, పూర్వ విద్యార్థుల సమావేశంలో, ప్రకృతి శిబిరాలలో స్వచ్ఛంద కార్యకర్తగా పనిచేస్తున్న పూర్వ విద్యార్థి ఒకరు చేసిన ప్రసంగ పాఠం)



కన్నభూమికి దూరంగా, ఈ మహానగరంలో ఒక తెలుగు మాధ్యమ పాఠశాల డెబ్బది అయిదు సంవత్సరములు నిలిచి ఉండటం సామాన్య విషయం కాదు. ఇటుక మోసిన చేతులు, మగ్గం నేసిన చేతులు, మిల్లులలో రాత్రి పాళీ చేసిన చేతులు తమ కూలి డబ్బులో నుండి తీసియిచ్చిన చందాలతో ఈ గోడలు లేచినవి. ఆ పుణ్యాత్ములను స్మరించి, నాకప్పగించిన విషయానికి వస్తాను.

ఈ జూబిలీ సంవత్సరంలో ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలను ఒక శనివారం, ఆదివారం సంజయ్ గాంధీ జాతీయోద్యానం అంచున జరిగే ప్రకృతి శిబిరానికి పంపాలని యాజమాన్యం సంకల్పించింది. అయితే తల్లిదండ్రుల నుండి అంగీకార పత్రాలు బహు తక్కువగా వచ్చినవని, ఆడపిల్లల పత్రాలు మరీ తక్కువని ప్రధానోపాధ్యాయులవారు నాతో చెప్పారు. "అడవిలో ఏముంటుంది? చిరుతపులి ఉంటుంది. పరీక్షలు దగ్గరపడుతున్నవి. ఆ రెండు రోజులు చదువుకుంటే రెండు మార్కులైనా వస్తాయి" అని మీరంటున్నారట. ఈ మాటలలో తప్పు లేదు. కన్నవారికి ఆ మాత్రం బెంగ ఉండాలి. ఆ బెంగకు సమాధానం చెప్పడమే ఈ ప్రసంగానికి ప్రయోజనం.

మొదట ఆ అడవి ఎక్కడిదో, మనకేమవుతుందో చూద్దాం. మన నగరానికి ఉత్తరభాగాన, బోరివలి రైల్వే స్టేషనుకు నడచిపోయేటంత దగ్గరలో, సుమారు 104 చదరపు కిలోమీటర్ల అరణ్యం ఉన్నది. కోటికి పైగా జనం కిక్కిరిసిన మహానగరం తన ఒడిలో ఇంతటి అడవిని నిలుపుకొనడం ప్రపంచంలోనే అరుదు. 1860లో పూర్తయిన విహార్ చెరువు, 1879లో వచ్చిన తులసీ చెరువు ఈ కొండల మధ్యనే ఉన్నవి. మన పెద్దలు పొట్ట చేతపట్టుకొని బొంబాయికి వచ్చిన కాలంలో వీధి కుళాయి వద్ద పట్టుకొన్న బిందెలో ఈ అడవి నీరు కూడా ఉన్నది. నేటికీ నగరానికి అందే నీటిలో ఆ రెండు చెరువుల వాటా కొద్దిగా ఉంటూనే ఉన్నది.

2005 జూలై 26వ తేదీని ఈ సభలో మరచినవారుండరు. శాంతాక్రజ్ వద్ద ఒక్కరోజులో 944 మిల్లీమీటర్ల వర్షం కురిసింది. మీఠీ నది పొంగి, ఆ ఒడ్డు బస్తీలను ముంచివేసింది. ఆ మీఠీ నది పుట్టేది విహార్, పవాయీ చెరువుల పొర్లునీటి నుండి. కొండమీద చెట్టు ఉన్నంతమేర వాన మెల్లగా నేలలోకి దిగుతుంది. చెట్టు పోయి, నేల గట్టిపడి, కాలువకు ఇరుప్రక్కలా కట్టడాలు లేస్తే నీరు మన గడప వెతుక్కుంటూ వస్తుంది. కాబట్టి ఆ అడవి చూడముచ్చటైన తోట మాత్రమే అనుకోవద్దు. అది మన ఇంటికి ఎగువన ఉన్న గట్టు.

ఇక శిబిరం సంగతి. ఇటువంటి పనికి మన నగరంలో పెద్ద సంప్రదాయమే ఉన్నది. 1883 సెప్టెంబరు 15న ఎనిమిదిమంది ప్రకృతి ప్రియులు కూడి బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీని స్థాపించారు. వారిలో ఇద్దరు భారతీయులు, ఆత్మారాం పాండురంగ, సఖారాం అర్జున్. ఇద్దరూ వైద్యులే. ఆ సొసైటీ ఇంటి తలుపు తట్టి లోనికి పోయిన ఒక కుర్రవాని కథ పిల్లలందరికీ చెప్పదగినది. 1896లో పుట్టి, చిన్నతనంలోనే తల్లిదండ్రులను కోల్పోయి, మేనమామ ఇంట పెరిగిన ఆ బాలుడు తాను వేటాడిన ఒక పిచ్చుక కంఠంపై పసుపు మచ్చ చూసి, అది ఏ పిచ్చుకో తెలియక, సొసైటీ కార్యదర్శి మిలర్డ్ దొరగారి వద్దకు వెళ్ళాడు. ఆయన కసురుకొనక, అరలు తెరిచి, భద్రపరిచిన పక్షులన్నింటినీ చూపించాడు. ఆ బాలుడే తరువాత పక్షిశాస్త్రజ్ఞుడుగా లోకప్రసిద్ధుడైన సాలిం అలీ. 1930వ దశకారంభంలో హైదరాబాదు సంస్థానంలోని పక్షులను పరిశీలించి నమోదు చేసినవారు కూడా ఆయనే. ఒక పిల్లవాని ప్రశ్నకు ఒక పెద్దమనిషి ఓపికగా సమాధానమిచ్చినందువల్ల ఒక శాస్త్రమే దేశంలో వేళ్ళూనుకొన్నది. గోరేగాఁవ్‌లో సొసైటీవారి విద్యాకేంద్రం, జాతీయోద్యానంలో అటవీశాఖవారి ప్రకృతి సమాచార కేంద్రం ఎందరో పిల్లలకు అటువంటి ప్రశ్నలు వేసే అవకాశం కలిగించాయి. మావంటి ఔత్సాహికులం వారి అడుగుజాడలలో నడిచేవారమే.

శిబిరంలో జరిగేదేమిటో వివరంగా చెబుతాను. తెలియని దానిమీదనే కదా భయం. శనివారం మధ్యాహ్నం పిల్లలు చేరుకుంటారు. ముందుగా సామాను విప్పించి, ప్లాస్టిక్ సంచులు, ఘాటైన అత్తరు, పాటల పెట్టెలు ప్రక్కన పెట్టిస్తాం. మట్టిరంగు, ఆకురంగు బట్టలు వేసుకొని రమ్మని ముందే చెబుతాం. మెరిసే ఎర్రరంగు చూస్తే పిట్ట నిలువదు. తరువాత గుడారం వేయడం. నలుగురు పిల్లలకు ఒక గుడారం. తాడు బిగించే వైపు, మేకు దిగగొట్టే వాలు, వాన వస్తే నీరు పోయే దారి, అన్నీ వారే చూచుకోవాలి. ఇంట్లో మంచినీళ్ళ గ్లాసు కూడా అమ్మ చేతినుండి అందుకొనే పిల్లవాడు ఆ సాయంత్రం మేకు కొట్టి, తన పడక తానే సిద్ధం చేసుకొంటాడు. ఆడపిల్లలకు వేరుగా గుడారాలు, వారికి తోడుగా ఉపాధ్యాయినులు, మహిళా కార్యకర్తలు ఉంటారు. రాత్రంతా వంతులవారీగా మేలుకొని కాపలా ఉంటాం.

చీకటి పడినాక పెద్దల వెంట వరుసగా కొంచెం దూరం నడక. టార్చిలైటు నేలమీదికి వేస్తే గడ్డిలో మంచుబిందువుల వలె మెరిసేవి సాలీళ్ళ కన్నులని తెలిసినప్పుడు పిల్లల ముఖాలు చూడాలి! ఆ పిమ్మట టార్చిలైట్లన్నీ ఆర్పించి, అయిదు నిమిషాలు మాట లేకుండా కూర్చోబెడతాం. రైలు చప్పుడు, టీవీ చప్పుడు, పక్కింటి కుక్కరు చప్పుడు మధ్య పుట్టి పెరిగిన పిల్లలకు నిశ్శబ్దమంటే ఏమిటో మొదటిసారి తెలిసేది అక్కడే. గుడ్లగూబ కూత ఎటునుండి వచ్చిందో, కప్ప ఎక్కడ అరిచిందో చేయి చూపమంటాం. చెవితో చదవడం అలా నేర్చుకొంటారు.

ఆదివారం తెల్లవారకముందే లేచి, పదిహేను ఇరవై మందికి ఒక మార్గదర్శకుని చొప్పున బృందాలుగా అడవిదారి పడతాం. మార్గదర్శకుడు చేయెత్తితే నిలవాలి, దించితే కదలాలి. పువ్వు కోయరాదు, రాయి విసరరాదు, దారి విడిచి పోరాదు. తోక చివర రెండు కుంచెలు వేలాడే ఏట్రింత జాతి నల్లపక్షి ఇతర పిట్టల కూతలను అనుకరిస్తుంటే, పది రకాల పక్షులున్నవని పిల్లలు లెక్క రాసుకొంటారు. మార్గదర్శకుడు ఆ ఒక్క పక్షినే చూపిస్తాడు. కన్నుతో విచారించక చెవితో నమ్మరాదని, చెవితో వినక కన్నుతో నిర్ణయించరాదని ఆ ఒక్క పక్షి నేర్పే పాఠం పుస్తకంలో పది పుటలు.

కొండవాలున కార్వీ అనే పొద విస్తారంగా పెరుగుతుంది. ఎనిమిదేండ్లకొకసారి కొండకొండంతా ఊదారంగున పూచి, విత్తనం రాల్చి, ఎండిపోతుంది. 2016లో పూచింది, 2024లో పూచింది. మళ్ళీ 2032 ప్రాంతంలో చూడవలసిందే. ఒకటవ తరగతిలో చేరిన పిల్లవాడు పదవ తరగతి దాటేలోగా సాధారణంగా ఒక్కసారి మాత్రమే చూడగల పూత అది. ఆ కార్వీ కర్రలతోనే అక్కడి వార్లీ ఆదివాసులు తమ గుడిసెలకు తడికెలు కట్టి, మట్టి మెత్తి గోడలు చేసుకొనేవారు. తెల్లని బొమ్మలతో లోకానికి తెలిసిన వార్లీ చిత్రకళ పుట్టింది అటువంటి మట్టిగోడలమీదనే.

ఆ దారి కన్హేరీ గుహలకు చేరుతుంది. నల్లరాతి కొండలో తొలిచిన నూరుకు పైగా గుహలవి. సుమారు రెండువేల ఏండ్ల క్రిందట మొదలుపెట్టి, పది శతాబ్దాలపాటు బౌద్ధభిక్షువులు అక్కడ నివసించారు. గుహ గుహకూ వాకిట రాతిలో తొలిచిన నీటితొట్టి, కొండమీది వాననీరు దానిలోకి దిగే సన్నని కాలువ నేటికీ కనిపిస్తాయి. వాననీటిని ఎట్లా పట్టాలో ఈనాడు మన గృహసంఘాలకు నగరపాలకసంస్థవారు చెప్పవలసి వస్తున్నది. ఆ భిక్షువులకు ఎవరూ చెప్పలేదు. అక్కడి శాసనమొకదానిలో యజ్ఞశ్రీ శాతకర్ణి పేరున్నది. ఆ శాతవాహన ప్రభువు పేరే తెలుగునాట చినగంజాం శాసనంలోనూ ఉన్నది. ఈ సముద్రపు ఒడ్డున, ఆ సముద్రపు ఒడ్డున ఒకే రాజు పేరు! "మనం ఈ ఊరికి పరాయివాళ్ళమా?" అని అడిగే పిల్లవానిని ఆ శాసనం ముందు ఒకసారి నిలబెట్టాలి.

ఇక చిరుతపులి. దాచవలసిన పని లేదు. ఆ అడవిలో చిరుతలున్నవి. 2015లో కెమెరాలు అమర్చి జరిపిన పరిశీలనలో ఉద్యానం, దాని పరిసరాలలో 35 చిరుతలు లెక్కకు వచ్చాయి. 2004 ప్రాంతంలో చిరుతల దాడులలో ఎందరో ప్రాణాలు కోల్పోయిన మాట నిజం. వేరే చోట్ల పట్టిన చిరుతలను తెచ్చి కొత్త అడవిలో విడిచిపెట్టడం వల్ల, అవి తమ తావు తెలియక తిరుగాడి, తగవు పెరుగుతుందని పరిశోధకులు కనుగొన్నారు. ఆ పద్ధతిని మానడం, చెత్తకుప్పలు తీయించడం, చెత్తకు చేరే వీధికుక్కలను తగ్గించడం, చీకటిపడ్డాక పిల్లలను ఒంటరిగా బయటికి పంపకుండుట వంటి జాగ్రత్తలను 2011 నుండి అటవీశాఖ, శాస్త్రజ్ఞులు, పౌరులు కలిసి బస్తీ బస్తీకి తిరిగి చెప్పారు. దాడులు బాగా తగ్గాయి. పూర్తిగా పోలేదు, 2021లోను, 2022లోను ఆరే కాలనీలో దుర్ఘటనలు జరిగినవి. అందుకే శిబిరంలో పిల్లవాడు ఒంటరిగా అడుగు తీసి అడుగు వేయడు. గుంపుగా, మాట్లాడుకొంటూ నడిచే మనుషుల జోలికి చిరుత సాధారణంగా రాదు. అది మనిషిని చూసి తప్పుకొనే జంతువు. వార్లీలు దానిని వాఘోబా అని దైవంగా కొలుస్తారు. భయమున్నచోటనే భక్తిని, జాగ్రత్తను కలిపి పెట్టుకొని తరతరాలు బ్రతికినవారు వారు. నిజం చెప్పాలంటే మనలో చాలామంది ఆ అడవి అంచునే కాపురముంటున్నాం. చిరుత గురించి తెలిసిన పిల్లవాడే తెలియని పిల్లవానికంటె క్షేమంగా ఉంటాడు.

సభాసదులారా! ఇంతవరకు చెప్పినది ఏ పాఠశాలలోనైనా చెప్పవచ్చును. ఇప్పుడు చెప్పబోయేది తెలుగు పాఠశాలలో మాత్రమే చెప్పదగినది.

శిబిరాలలో మార్గదర్శకులు సాధారణంగా ఇంగ్లీషులోనో మరాఠీలోనో మాట్లాడతారు. 'పళస్' అంటారు; అది మన మోదుగ అని మన పిల్లలకు తెలియదు. 'బహవా' అంటారు; అది రేల. 'సావర్' అంటే బూరుగ, 'జాంభూళ్' అంటే నేరేడు. దసరానాడు ఇక్కడివారు ఆపటా ఆకును బంగారమని పంచుకొంటారు. మనం జమ్మి ఆకును బంగారమని పెద్దల చేతిలో పెట్టి కాళ్ళకు మొక్కుతాం. ఆనాడు పాలపిట్ట కోసం తలెత్తి చూసే తాత ఇంకా మన ఇళ్ళలో ఉన్నాడు. జెముడుకాకి, లకుముకిపిట్ట, పిగిలిపిట్ట, గిజిగాడు అనే పేర్లు మన నాయనమ్మలకు తెలుసు. వారి మనుమలకు ఇవన్నీ 'బర్డ్సు' మాత్రమే. ఒక తరంలో పేరు పోయింది. పేరుతోబాటు ఆ పిట్ట ఎప్పుడు వస్తుంది, ఎక్కడ గూడు కడుతుంది, ఏమి తింటుంది అన్న ఎరుక కూడా పోయింది.

పేరులో అంత విలువ ఉన్నదా అని సందేహించేవారికి కలివికోడి కథ చెబుతాను. జెర్డాన్ అనే ఆంగ్లేయ వైద్యుడు తెలుగు దేశపు తూర్పు కొండల ప్రాంతంలో కనుగొన్న ఒక పక్షికి 1848లో శాస్త్రనామం పెట్టారు. 1900లో అనంతపురం ప్రాంతంలో ఒకసారి కనిపించి, ఆ తరువాత ఎవరి కంటా పడలేదు. ఎనభై ఏండ్లు దాటేసరికి ఆ జాతి అంతరించినదనే అందరూ తలచారు. బొంబాయి సొసైటీవారు మాత్రం వెతకడం మానలేదు. 1980వ దశకం నడుమ భరత్ భూషణ్ అనే సొసైటీ శాస్త్రజ్ఞుడు పక్షి బొమ్మ పట్టుకొని రాయలసీమ పల్లెలలో తిరిగాడు. అక్కడి పక్షులవేటగాండ్రకు ఆ పక్షి తెలుసు. పగలు కలివిపొదల నీడలో ఒదిగి, రాత్రిపూట తిరిగే పక్షి కనుక వారు దానిని 'కలివికోడి' అనేవారు. 1986 జనవరిలో కడప జిల్లా రెడ్డిపల్లె వద్ద అయితన్న అనే వేటగాడు రాత్రివేళ ఆ పక్షిని పట్టి తెచ్చాడు. ప్రపంచమంతా పోయిందనుకొన్న పక్షి తిరిగి దొరికింది.

ఆలోచించండి. పక్షి ఉండే చోటు, అది తిరిగే వేళ, రెండూ ఆ ఒక్క తెలుగుమాటలోనూ, ఆ మాట పలికేవాని అనుభవంలోనూ ఉన్నాయి. గ్రంథాలయాలలో లేనిది ఒక వేటగాని నాలుకమీద ఉన్నది. మనం వేసవిలో ఈ నగరపు వీధులలో ఆదివాసీ స్త్రీల బుట్టలనుండి ఆకుదొన్నెలలో కొని తినే కరవంద పండ్లున్నవే, కలివి వాటికి దగ్గరి చుట్టమే. ఆ పక్షికోసమే 1988లో శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది. తెలుగుగంగ కాలువ దారిని కూడా మార్చవలసి వచ్చింది. అయినా కలివికోడి నేటికీ లోకంలోని అత్యంత అరుదైన పక్షులలో ఒకటి. ఆ మాటను, ఆ మాట తెలిసిన మనిషిని ఎవరూ లెక్కచేయకపోయి ఉంటే, అది ఉన్నదని కూడా మనకు తెలిసేది కాదు.

అందువలన నా మనవి ఇది. శిబిరానికి వెళ్ళే ప్రతి విద్యార్థి చేతిలో ఒక నోటుపుస్తకం ఉండాలి. చూసిన ప్రతి చెట్టుకూ పిట్టకూ మూడు గడులు. మొదటి గడిలో మార్గదర్శకుడు చెప్పిన మరాఠీ పేరు, రెండవ గడిలో శాస్త్రనామం. మూడవ గడి శిబిరంలో ఖాళీగా ఉంచాలి. ఇంటికి వచ్చి, ఆకారం, రంగు, కూత వర్ణించి చెప్పి, ఇంట్లోని పెద్దలను అడిగి, తెలుగుపేరు దానిలో రాయాలి. పాలమూరువారి ఇంట ఒక పేరు రావచ్చు, కరీంనగరంవారి ఇంట మరొకటి, శ్రీకాకుళంవారి ఇంట వేరొకటి. అన్నీ రాయవలసిందే. ఏడాదికేడాది ఆ పుస్తకాలను పాఠశాల గ్రంథాలయంలో భద్రపరచితే, పదేండ్లలో మన పాఠశాల ఒక నిఘంటువునే సంపాదించుకొన్నదవుతుంది. తెలుగు మాధ్యమంలో పిల్లల సంఖ్య ఏటికేడు తగ్గుతున్నదని ఈ వేదికమీదనే పెద్దలు బాధపడ్డారు. తెలుగులో చదివినందువల్ల మా పిల్లలకు ఒరిగేదేమిటని అడిగేవారికి చూపడానికి మన చేతిలో ఒక పనికివచ్చే వస్తువు ఉండాలి కదా!

తల్లిదండ్రులకు నా ప్రార్థన: మార్కుల సంగతి భయపడవద్దు. ఆకు అమరికను, గూడు కట్టుబడిని కంటితో చూచినవాడు జీవశాస్త్రం బట్టీ పట్టవలసిన పని లేదు. ఆడపిల్లలను తప్పక పంపండి. వారికి తోడు వచ్చే తల్లులకు కూడా శిబిరంలో చోటున్నది. రండి, చూడండి, నచ్చకపోతే వచ్చే ఏడు పంపకండి. ఉపాధ్యాయులకు నా విన్నపం: దీనిని విహారయాత్రగా ఎంచక, తరగతి గదికి పొడిగింపుగా ఎంచండి. సోమవారం ఉదయం మొదటి పీరియడు పిల్లలు చూసినది చెప్పుకోవడానికి కేటాయించండి. పూర్వ విద్యార్థులకు చెప్పేదేమంటే, శిబిరపు ఖర్చు పెద్దది కాదు, కాని రోజుకూలి చేసే తండ్రికి అదీ బరువే. ఒక్కొక్కరు ఒక్కొక్క విద్యార్థి ఖర్చు భరిస్తే చాలును. డబ్బు ఇవ్వలేనివారు రెండు రోజులు వచ్చి రాత్రి కాపలాకు నిలబడండి. ఆ సాయం డబ్బుకంటె పెద్దది.

అంగీకార పత్రాలు ద్వారం వద్ద బల్లమీద ఉన్నవి. సభ ముగిసినాక నేను అక్కడనే ఉంటాను. సందేహమున్న ప్రతి తల్లికీ, ప్రతి తండ్రికీ, ఎంతసేపైనా సరే, కూర్చొని సమాధానం చెబుతాను. డెబ్బది అయిదేండ్ల క్రిందట కూలిజనం మనకు అక్షరాలు సంపాదించి ఇచ్చారు. ఆ అక్షరాలతో మన పిల్లలు చెట్టుపేరు, పిట్టపేరు తమ భాషలో రాసుకొనగలిగితే వారి ఋణం కొంతైనా తీరినట్లే.

మన పాఠశాల శతవార్షికోత్సవాన్ని కూడా ఈ పిల్లలే నిలబడి జరిపించాలని కోరుకొంటున్నాను.